ట్యాంకు ఎన్ని లీటర్లో బ్రోషర్ చూసి నమ్మేయకండి

"45 లీటర్ల ట్యాంకు, లీటరుకి 20, ఫుల్ కొట్టిస్తే 900 కిలోమీటర్లు" అని అమ్మేవాళ్లు లెక్క చెబితే తల ఊపేయకండి. చాలా కార్లలో ఇంకా 5 నుంచి 8 లీటర్లు ఉండగానే రిజర్వ్ లైటు వెలుగుతుంది. రిజర్వ్ 7 అనుకుంటే ఆ 900 కాస్తా 760. పైగా అడుగున పంపుకి అందని ఇంధనం కొంత ఎప్పుడూ మిగిలే ఉంటుంది.

దీనికి ఉల్టా గొడవ ఇంకోటి: "45 లీటర్ల ట్యాంకులో 47 ఎలా పట్టింది?" అని బంకులో తగాదా. ప్రతిసారీ అది మోసం కాదు. ఫిల్లర్ గొట్టం, ఆవిరి కోసం పైన వదిలే ఖాళీ సాధారణంగా కంపెనీ లెక్కలోకి రావు. ఆటోకట్ (ట్యాంకు నిండగానే నాజిల్ దానంతటదే ఆగిపోవడం) పడ్డాక కూడా కొట్టిస్తూ పోతే ఆ చోటే నిండుతుంది. కానీ లైటు వెలిగాక వెళ్లి, మొదటి ఆటోకట్‌కే 47 చూపిస్తే మాత్రం అనుమానించాల్సిందే. అప్పటికి 38, 40 దగ్గర ఆగాలి.

అంచు దాకా నింపి కొలుద్దామనుకోకండి. 50 లీటర్ల పెట్రోలు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు లీటరు పెరుగుతుంది. చోటు లేక అది పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా, అంటే చార్‌కోల్ క్యానిస్టర్‌లోకి దిగిందంటే పెట్రోలు వాసన, నింపిన వెంటనే స్టార్టింగ్ ట్రబుల్, చెక్ ఇంజిన్ లైటు, చివరికి క్యానిస్టర్ మార్పిడి. బండి ఆగేదాకా నడిపి చూడటం ఇంకా చెడ్డ పని. ట్యాంకులోని పంపుని చల్లగా ఉంచేది ఆ పెట్రోలే. డీజిల్ బండయితే లైన్లో గాలి చేరి, అది తీయించేదాకా కదలకపోవచ్చు.

కొలవాలంటే: లైటు వెలగగానే చదునైన చోట, మొదటి ఆటోకట్ దాకా మాత్రమే నింపండి. లీటర్లు రాసుకోండి. అదే బంకు, అదే నాజిల్, మూడుసార్లు. డీజిల్ నురగ కడుతుంది కాబట్టి నెమ్మదిగా పట్టించాలి, లేకపోతే ఆటోకట్ ముందే పడుతుంది. సగటుకి మాన్యువల్‌లోని రిజర్వ్ కలిపితే మీ ట్యాంకు అసలు లెక్క దాదాపుగా వచ్చేస్తుంది.

సెకండ్ హ్యాండ్ కొంటున్నవాళ్లు ఈ అంకె ప్రకటించినదానికన్నా నాలుగైదు లీటర్లు తగ్గితే బండిని లిఫ్ట్ మీద పెట్టించండి. అడుగున సొట్ట పడిందా, వేరే వేరియంట్ ట్యాంకు బిగించారా చూడండి. ట్యాంకు బాగానే ఉంటే లోపల ఇంధనం ఎంతుందో కొలిచే ఫ్లోట్ తప్పు చూపి, లైటు ముందే వెలుగుతోందేమో. ఫ్లోట్ అయితే చిన్న రిపేరు. సొట్ట ట్యాంకైతే బేరం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టండి.