ఆఫీసంతా వైఫై పెట్టి ఎనిమిదేళ్లు: మా అనుభవం

మా కంపెనీలో డెస్కుల దగ్గరి నెట్‌వర్క్ కేబుళ్లు తీసేసి అందరినీ వైఫై మీదకి మార్చి ఎనిమిదేళ్లయింది. ఆ నెట్‌వర్క్‌ని చూసుకునేవాళ్లలో నేనొకణ్ణి. ఇన్నేళ్లుగా నేను వింటున్న ఫిర్యాదు ఒకటే: "సిగ్నల్ ఫుల్లుగా ఉంది, నెట్ మాత్రం రావట్లేదు."

మొదటి ఏడాది ఎక్కడ ఫిర్యాదు వస్తే అక్కడ ఇంకో యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ పంపే పెట్టె) బిగించాం. వాటి సిగ్నల్ పవర్ కూడా పూర్తిగా పెంచాం. ఇంకా పాడైంది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు మూడే: 1, 6, 11. ఒకే ఛానెల్ మీద ఒక పరికరం మాట్లాడుతుంటే, అది వినబడిన మిగతావన్నీ నోరు మూసుకుని ఆగాల్సిందే. మేం గొంతులు పెంచాం, అందుకే అందరూ ఆగిపోయారు.

చివరికి సగం యాక్సెస్ పాయింట్లలో 2.4 రేడియో ఆపేసి, పవర్ తగ్గించి, ల్యాప్‌టాప్‌లని 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీదకి తెచ్చాం. 1, 2 ఎంబీపీఎస్ లాంటి పాతకాలపు వేగాలు తీసేశాం. ఇంకో లాభం కూడా కలిగింది. అంతకుముందు రిసెప్షన్ దగ్గర కనెక్టయిన ల్యాప్‌టాప్ మూడో అంతస్తుకెళ్లినా ఆ పాత యాక్సెస్ పాయింట్‌నే పట్టుకుని వేలాడేది. ఎప్పుడు మారాలో తేల్చుకునేది ల్యాప్‌టాపే, మనం సలహా మాత్రమే ఇవ్వగలం. పవర్ తగ్గాక త్వరగా వదిలేస్తోంది. పవర్ తగ్గిస్తే నెట్ బాగుపడిందంటే మా మేనేజర్ ఇప్పటికీ నమ్మడు. ఒక యాక్సెస్ పాయింట్ నుంచి ఇంకోదానికి త్వరగా మారడానికి పనికొచ్చే 802.11ఆర్ అనే పద్ధతి కూడా పెట్టాం కానీ, గోడౌన్‌లోని పాత బార్‌కోడ్ స్కానర్లు అసలు కనెక్టే కాలేదు. వాటికి వేరే నెట్‌వర్క్ పేరు పెట్టాల్సి వచ్చింది.

వైర్ల ఖర్చు తప్పుతుందన్నారు. యాక్సెస్ పాయింట్‌కి మాత్రం వైరు లేకుండా ఎలా? దానికి కరెంటు కూడా స్విచ్ (నెట్‌వర్క్ కేబుళ్లన్నీ కలిసే పెట్టె) నుంచి ఆ వైరులోనే వస్తుంది. వైఫై 6 అనే కొత్త తరానికి మారినప్పుడు కొత్త యాక్సెస్ పాయింట్లకి 30 వాట్ల పోర్టు కావాలి, మా స్విచ్‌లిచ్చేది 15.4. కొన్ని రేడియోలు ఆపుకుని కుంటుతూ నడిచాయి. స్విచ్‌లూ మార్చాం.

నాకు బాగా నచ్చింది 802.1ఎక్స్ అనే లాగిన్ పద్ధతి. అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉండదు, ఎవరి లాగిన్ వాళ్లది. మనిషి ఉద్యోగం మానేస్తే అకౌంట్ ఆపితే చాలు. కాకపోతే ఒక సోమవారం పొద్దున లాగిన్ సర్వర్ సర్టిఫికెట్ (అది అసలైన సర్వరేనని ల్యాప్‌టాప్‌లకి చూపే డిజిటల్ గుర్తింపు) గడువు తీరింది. కొత్తగా వచ్చి కనెక్టవబోయిన ప్రతివాళ్లూ బయటే. చాలామంది "ఫర్‌గెట్ నెట్‌వర్క్" కూడా నొక్కేసి, సేవ్ అయిన సెట్టింగులు చెరిపేసుకుని మా పని రెట్టింపు చేశారు. క్యాలెండర్‌లో ఆ తేదీ రాసుకోనిది మేమే, ఎవర్నీ అనడానికి లేదు.

కేబుల్ మళ్లీ కావాలని ఇప్పుడు ఎవరూ అడగరు. అకౌంట్స్‌లో ఒకాయన మాత్రం తన నీలం కేబుల్ మాకు ఇవ్వనేలేదు. ఆ సోమవారం జీతాల ఫైలు బ్యాంకుకి వెళ్లింది దాని మీదే.