లేజర్ ఎన్‌గ్రేవింగ్ నేర్చుకోవాలంటే: డబ్బు కట్టే ఆన్‌లైన్ కోర్సు మేలా, ఉచిత పాఠాలు మేలా?

లేజర్ ఎన్‌గ్రేవింగ్ అంటే లేజర్ కిరణంతో వస్తువుల మీద చెక్కడం. చిన్న డయోడ్ లేజర్ కొని ఇంట్లో సరదాగా పేర్లు, బొమ్మలు చెక్కుకోవాలనుకునేవాళ్లకు డబ్బు కట్టే రికార్డెడ్ కోర్సు అవసరం లేదన్నది నా అభిప్రాయం. సీఓ2 (కార్బన్ డయాక్సైడ్ వాయువుతో కిరణం పుట్టించేది) లేదా ఫైబర్ (గాజు తంతువులో కిరణం పుట్టించేది) మిషన్ పెట్టి ఆర్డర్లు తీసుకోవాలనుకునేవాళ్లకైతే డబ్బు పెట్టి నేర్చుకోవడం చాలాసార్లు గిట్టుబాటే. కాకపోతే ఎలాంటి శిక్షణకు, ఏ దశలో కట్టాలో తెలుసుకుని కట్టాలి. మిషన్ ఇంటికి రాకముందే కోర్సు కొనేసేవాళ్లు ఉంటారు. వాళ్ల టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే. నిప్పు పుట్టించే పరికరం కదా, ముట్టుకునే ముందు ఎవరైనా పక్కనుండి చెబితే బాగుండుననిపిస్తుంది. అయినా ఆ తొందరలో కొన్న కోర్సు తర్వాత అక్కరకు రాకపోవచ్చు.

కొత్తవాళ్ల ముందు నాలుగు దారులున్నాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీల సహాయ పేజీలు, యూట్యూబ్ వీడియోలు, వాడేవాళ్ల గ్రూపులు మొదటి దారి. దీనికి పైసా ఖర్చు లేదు. ముందే రికార్డు చేసి అమ్మే కోర్సు రెండోది. టీచర్ లైవ్‌లో ఉండి మన పని చూసి చెప్పే క్లాసు మూడోది. నాలుగోదాన్ని ఎవరూ శిక్షణ అనరు గానీ నేను అంటాను. కోర్సుకు పెట్టే డబ్బుతో ప్లైవుడ్, యాక్రిలిక్, తోలు ముక్కలు కొని, వాటిమీద ఓపిగ్గా టెస్టులు చేసుకోవడమే అది.

ముందు మీ లేజర్ ఏ రకమో చూసుకోండి

'లేజర్ ఎన్‌గ్రేవింగ్ కోర్సు' అని మాత్రమే రాసి ఉంటే ఆ కోర్సు మీకు పనికొస్తుందో లేదో చెప్పలేం. ఇళ్లలో ఎక్కువగా కనిపించే నీలి డయోడ్ లేజర్ కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 450 నానోమీటర్లు. సీఓ2 లేజర్‌ది 10,600. ఫైబర్ లేజర్‌ది 1,064. ఈ తేడా వల్ల ఏ వస్తువు ఏ కాంతిని పీల్చుకుంటుందన్నది పూర్తిగా మారిపోతుంది. పారదర్శకమైన యాక్రిలిక్ షీటు పెడితే నీలి కాంతి దానిలోంచి దాటి కిందికి పోతుంది, కోత పడదు. అదే షీటును సీఓ2 లేజర్ అద్దంలా నున్నటి అంచుతో కోస్తుంది. పూత లేని స్టీలు మీద మామూలు సీఓ2 మిషన్‌తో గుర్తు పడాలంటే పైన మార్కింగ్ రసాయనం పూయాలి. ఫైబర్‌కు అది అక్కర్లేదు. కాబట్టి ఫైబర్ మిషన్ కొన్న మనిషి డయోడ్ కోర్సు చూస్తే, డిజైన్ పాఠాలు తప్ప మిగతాదంతా వృథా.

రికార్డెడ్ కోర్సులో నిజంగా దొరికేది

క్రమం. అంతకు మించి పెద్దగా ఉండదు. సాఫ్ట్‌వేర్‌ను తెరవడం దగ్గర్నుంచి ఫోకస్, పవర్, స్పీడ్, లైన్ల మధ్య దూరం, ఫొటో చెక్కడం దాకా ఒకదాని తర్వాత ఒకటి చెబుతారు. ఉచిత వీడియోల్లోనూ ఇవన్నీ ఉంటాయి, కానీ చెల్లాచెదురుగా ఉంటాయి. ఏది ముందు చూడాలో తెలియక గంటలు పోతాయి. సమయం బొత్తిగా లేనివాళ్లకు ఆ క్రమానికి విలువ ఉంది, కాదనను.

అయితే ఈ కోర్సుల్లో చాలా భాగం సాఫ్ట్‌వేర్ బటన్ల గురించే నడుస్తుంది. లేజర్ మిషన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ లైట్‌బర్న్ వాడేవాళ్లకు ఆ కంపెనీ వివరమైన సహాయ పేజీలు, వీడియోలు ఉచితంగానే ఇస్తోంది. సాఫ్ట్‌వేర్‌ను 30 రోజులు డబ్బు కట్టకుండా వాడి చూడొచ్చు. అలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ లేజర్‌జీఆర్‌బీఎల్ పూర్తిగా ఉచితం, డిజైన్ గీసుకునే ఇంక్‌స్కేప్ కూడా అంతే. పైగా సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్లు వస్తూనే ఉంటాయి. రెండేళ్ల కిందటి కోర్సులో చూపించిన మెనూ ఈరోజు మీ స్క్రీన్ మీద అదే చోట ఉండకపోవచ్చు. పాతబడనిది భౌతికశాస్త్రం ఒక్కటే. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త కుమార్ పటేల్ 1964లో సీఓ2 లేజర్‌ను తయారుచేశారు. ఆ కాంతిని యాక్రిలిక్ పీల్చుకునే తీరు ఇప్పటికీ మారలేదు, ఇకమీదట మారదు కూడా. కోర్సు ఎంచుకునేటప్పుడు అందులో బటన్లు ఎంత, పదార్థాల గుణాలు ఎంత అని చూడటం అందుకే. క్యాస్ట్ (అచ్చులో పోసి చేసిన) యాక్రిలిక్ మీద చెక్కితే తెల్లగా మంచుపట్టినట్టు వస్తుంది, ఎక్స్‌ట్రూడెడ్ (కరిగించి యంత్రంలోంచి నెట్టి చేసిన) యాక్రిలిక్ మీద గుర్తు అంతగా కనపడదు. ఇలాంటి విషయాలు చెప్పే పాఠం పదేళ్లయినా పనికొస్తుంది.

కొన్ని కోర్సులు 'రెడీమేడ్ సెట్టింగ్స్ షీటు'ను పెద్ద ఆకర్షణగా చూపిస్తాయి. నా లెక్కలో దానికి విలువ చాలా తక్కువ. వాళ్ల మిషన్‌లో 60 శాతం పవర్ అంటే మీ మిషన్‌లో 60 శాతంతో సమానం కాదు. లెన్సు మీద పట్టిన పొగ, సీఓ2 ట్యూబు వయసు, ఫోకస్‌లో మిల్లీమీటరు తేడా, ప్లైవుడ్ పొరల మధ్య జిగురు, ఇవన్నీ ఫలితాన్ని మార్చేస్తాయి. ఒకే కంపెనీ ప్లైవుడ్‌లో కూడా ఒక షీటు తేలిగ్గా తెగుతుంది, ఇంకోటి జిగురు గడ్డకట్టిన చోట మొరాయిస్తుంది. స్పీడు, పవర్ గడులుగా మార్చుకుంటూ ఒక చెక్కముక్క మీద కాల్చే మెటీరియల్ టెస్టు లైట్‌బర్న్‌లోనే ఉంది. అది కొద్దిసేపట్లో చెప్పే సంగతిని ఏ షీటూ చెప్పలేదు. లైన్ల దూరం కూడా ఇలాగే టెస్టుతోనే తేలాలి. లైన్ల మధ్య 0.1 మిల్లీమీటరు ఉంటే అంగుళానికి 254 లైన్లు పడతాయి. ఫొటో ఇంకా స్పష్టంగా వస్తుందని కొత్తవాళ్లు ఆ సంఖ్య పెంచేస్తారు. కాంతి చుక్క వెడల్పు ఆ దూరం కంటే ఎక్కువైతే లైన్లు ఒకదానిమీద ఒకటి పడి ముఖం నల్లగా మాడిపోతుంది. మాడిన ముక్కను చేతిలో పట్టుకుని చూస్తే ఈ పాఠం ఎప్పటికీ మర్చిపోరు.

అందుకే రెండో దారికీ నాలుగో దారికీ మధ్య ఎంచుకోమంటే, డయోడ్ మిషన్‌తో మొదలుపెట్టేవాళ్లను నేను నాలుగోదానివైపే పంపిస్తాను.

భద్రత సంగతి వేరు

ఇక్కడ మాత్రం ఉచిత వీడియోలను నమ్ముకుని ఊరుకోవద్దు. తెరిచి ఉన్న లేజర్ ముందు కళ్లద్దాలు లేకుండా కూర్చుని చూపించే వీడియోలు దొరుకుతూనే ఉన్నాయి. ఏం తెలుసుకోవాలో తెలియని మనిషి దాని గురించి వెతకడు కూడా. పీవీసీని, వినైల్ స్టిక్కర్లను, పీవీసీతో చేసిన కృత్రిమ తోలును లేజర్‌తో కాల్చకూడదు. హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, మిషన్‌లోని లోహ భాగాలను కూడా తినేస్తుంది. రక్షణ అద్దాలు కాంతి రకాన్ని బట్టి ఉంటాయి. 450 నానోమీటర్లకు పనికొచ్చే అద్దాలు 1,064కు పనికొస్తాయనుకోవడం కంటిచూపుతో ఆడుకోవడమే. సీఓ2, ఫైబర్ కిరణాలు కంటికి కనిపించవు, కాబట్టి ప్రమాదం కళ్ల ముందున్నా తెలియదు. మిషన్ నడుస్తుండగా దాన్ని వదిలి పక్క గదికి కూడా వెళ్లకూడదు. పొగ బయటికి పోయే ఏర్పాటు, చేతికందే దూరంలో మంటలార్పే సిలిండర్ ముందే ఉండాలి.

మిషన్‌తో వచ్చే మాన్యువల్, మిషన్ తయారీదారుల భద్రతా పేజీలు చదివితే ఇవన్నీ ఉచితంగానే తెలుస్తాయి. డబ్బు కట్టే కోర్సు భద్రతకు హామీ ఏమీ కాదు. కానీ ఒక కోర్సు మంచిదో కాదో తేల్చడానికి ఇది గట్టి గీటురాయి. మొదటి పాఠాల్లోనే పీవీసీ, కళ్లద్దాలు, పొగ గురించి చెప్పని కోర్సును నేనైతే ఎవరికీ సిఫారసు చేయను, ఎంత చవకగా వచ్చినా సరే.

డబ్బు పెట్టదగ్గ చోటు

లైవ్ క్లాసు. అందులోనూ మీరు చేసిన ముక్క ఫొటో చూసి జవాబు చెప్పే మనిషి ఉన్న క్లాసు. దీన్ని ఏ వీడియో ఇవ్వలేదు.

షీటు ఒక మూల పూర్తిగా తెగింది, ఎదుటి మూల తెగలేదనుకోండి. కొత్త మనిషి పవర్ పెంచుతాడు. అప్పుడు మొదటి మూల మాడిపోతుంది. అసలు కారణం మిషన్ లోపల కిరణాన్ని మళ్లించే అద్దాల అలైన్‌మెంట్ తప్పడం కావచ్చు, బెడ్ ఒకవైపు వంగి ఫోకస్ మారడం కావచ్చు. అక్షరాల అంచులు రెండుగా, రంపపు పళ్లలా కనిపిస్తే లేజర్ తల అటూ ఇటూ తిరిగేటప్పుడు వచ్చే ఆలస్యాన్ని సరిచేయాలి, లేదా బెల్టు వదులైందేమో చూడాలి. ఒక భాగం నిండుగా చెక్కమంటే గీత మాత్రమే పడిందంటే, డిజైన్‌లో ఆ ఆకారం ఎక్కడో మూతపడకుండా తెరిచి ఉండి ఉంటుంది. అనుభవజ్ఞులు వీటిని ఫొటో చూడగానే పట్టేస్తారు. కొత్తవాళ్లకు లక్షణం కనిపిస్తుంది తప్ప కారణం కనిపించదు కాబట్టి, ఏ మాటతో వెతకాలో కూడా తెలియదు. గ్రూపుల్లో అడిగితే సాయం చేసే మంచి మనుషులున్నారు, వాళ్లకు ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. కానీ ఆర్డర్ రేపటికి ఇవ్వాల్సి ఉన్నప్పుడు పదిమంది పది రకాలుగా చెబితే దిక్కుతోచదు.

సీఓ2 మిషన్‌లో అద్దాల అలైన్‌మెంట్, ట్యూబును చల్లబరిచే నీళ్లు, వేల వోల్టుల పవర్ సప్లై ఉంటాయి. పొరపాటు చేస్తే ఖర్చు, ప్రమాదం రెండూ ఎక్కువ. ఫైబర్ గాల్వో మిషన్లలో (చిన్న అద్దాలను వేగంగా తిప్పి కిరణాన్ని నడిపేవి) ఈజీక్యాడ్ లాంటి సాఫ్ట్‌వేర్, కిరణం సెకనుకు ఎన్నిసార్లు పల్సుగా వెలువడాలో చెప్పే ఫ్రీక్వెన్సీ, మోపా రకమైతే (పల్సు నిడివిని మార్చుకోగల ఫైబర్ లేజర్) పల్స్ వెడల్పు కూడా తోడవుతాయి. స్టీలు మీద రంగులు తెప్పించేది వీటి కలయికే. ఈ రెండు చోట్లా తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకున్న గంట, సొంతంగా తడుముకున్న వారాలను మిగులుస్తుంది. ఆర్డర్ల మీద బతకాలనుకునేవాళ్లకు ఆ వారాలే డబ్బు.

'నెలలో ఇంత సంపాదించండి' అని అమ్మే కోర్సుల విషయంలో నా మాట కటువుగానే ఉంటుంది: వద్దు. సంపాదన మీ చేతిపని, మీ చుట్టూ ఉన్న గిరాకీ, పాడైపోయే షీట్ల లెక్క మీద ఆధారపడుతుంది. అవి తెలియని మనిషి ముందే అంకె చెబితే నమ్మడానికి ఆధారం లేదు.

ఎప్పుడు కట్టాలి

మొదటి కొన్ని వారాలు మాన్యువల్, సాఫ్ట్‌వేర్ సహాయ పేజీలు, చెక్కముక్కలు చాలు. ఈలోగా మీకు ఏది రావట్లేదో ఒక కాగితం మీద రాసుకుంటూ పోండి. ఆ జాబితాలోని ప్రశ్నలు ఉచిత వీడియోలతో తీరిపోతే డబ్బు మిగిలినట్టే. తీరకపోతే, ఆ ప్రశ్నలకే జవాబిచ్చే లైవ్ క్లాసును వెతకండి. రికార్డెడ్ కోర్సే తీసుకోవాలనుకుంటే ఏ లేజర్ రకానికి చేశారో, చివరిసారి ఎప్పుడు మార్చారో, డబ్బు వాపసు గడువెంతో చూడండి. ఆన్‌లైన్ కోర్సులు అమ్మే యుడెమీలో చాలా కోర్సులకు 30 రోజుల వాపసు ఉంది. ఆ గడువు లోపలే మీ మిషన్ మీద కొన్ని పాఠాలు చేసి చూడాలి.

లైవ్ క్లాసుకు వెళ్లేటప్పుడు ఖాళీ చేతులతో వెళ్లొద్దు. మెటీరియల్ టెస్టు ముక్క ఫొటో, లేజర్ రకం, వాట్లు, లెన్సు ఫోకల్ దూరం, వాడిన పదార్థం పేరు, మందం రాసి పెట్టుకోండి. స్పీడు రాసేటప్పుడు అది సెకనుకు మిల్లీమీటర్లా, నిమిషానికి మిల్లీమీటర్లా అన్నది తప్పకుండా పక్కన రాయండి. రెండింటికీ 60 రెట్లు తేడా, అది రాయకపోతే డబ్బు కట్టిన క్లాసులో మొదటి పావుగంట దాన్ని కనుక్కోవడానికే పోతుంది.