ఉలురు, కాటా జుటా: ఒక్క పూటే ఉంటే ఏది మేలు?

ఆస్ట్రేలియా ఎర్ర ఎడారికి వెళ్లినవాళ్లలో చాలామంది ఉలురు అనే ఒంటి రాతికొండ చుట్టూ తిరిగి, దగ్గర్లోని గుండ్రటి కొండల గుంపు కాటా జుటాను దూరం నుంచే చూసి వచ్చేస్తారు. రాళ్లను చదవాలనుకునేవాళ్లకు మాత్రం ఇది తలకిందుల లెక్క.

రెంటి పుట్టుకా ఒకటే. సుమారు 55 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ పర్వతాలు లేచాయి. అప్పటికి నేలను పట్టి ఉంచే చెట్టూ చేమా లేవు. వాన కురిసినప్పుడల్లా కొండ కోసుకుపోయి కింద మేట వేసింది. ముతక ఇసుక మేట ఉలురు అయింది, గుండ్రాళ్ల మేట కాటా జుటా అయింది. తర్వాత సముద్రం కప్పింది, పైబరువుకు మేటలు రాయిగా బిగిశాయి. 40–30 కోట్ల ఏళ్ల కిందటి భూకదలికలకు ఉలురు పొరలు దాదాపు 85 డిగ్రీలకు లేచి నిలబడ్డాయి. దాని ఒంటిమీది నిలువు చారలు ఆ పొరల అంచులే. కాటా జుటా పొరలు 15–20 డిగ్రీలే వాలాయి. ఎరుపంటారా, అది పైపై ఇనుప తుప్పు. లోపలి రాయి బూడిదరంగే.

ఎత్తులోనూ కాటా జుటాదే పైచేయి: మైదానం నుంచి 546 మీటర్లు, ఉలురు 348. పైగా ఉలురు ఇసుకరాయిని చదవాలంటే భూతద్దం కావాలి. కాటా జుటాలోని వాల్పా లోయలో (రానూపోనూ 2.6 కిలోమీటర్లు) గోడలో పొదిగిన గ్రానైట్, బసాల్ట్ గుండ్లు ఉత్త కళ్లకే కనిపిస్తాయి. భూగర్భం కోసమైతే కాటా జుటాకే వెళ్లండి.

జుకుర్ప కోసమైతే ఉలురుకే. సృష్టి, ధర్మం, నడవడి మూడూ కలిసిన మాట అది, ఇక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలది. ఉత్త కథ అంటే సగం జారిపోతుంది. కాటా జుటా జుకుర్ప మగవాళ్లకు చెందిన గుప్తజ్ఞానం, బయటివాళ్లకు చెప్పరు. ఉలురులో కొంత చెబుతారు. ముటిజులు మడుగు దగ్గర కొండచిలువ స్త్రీ కునియాకూ విషసర్పం లిరుకూ జరిగిన పోరు గుర్తులు రాతిమీదే చూపిస్తారు. నడక ఒక్క కిలోమీటరే. కొండ ఎక్కడం 2019 అక్టోబరు 26 నుంచి నిషేధం. 1985లో అదే తేదీన ఆ భూమి హక్కు అనంగులకు తిరిగి దక్కింది.

ఎండాకాలంలో ఎంపిక మారుతుంది. ఎండ 36 డిగ్రీలకు చేరుతుందన్న రోజున కాటా జుటాలోని 7.4 కిలోమీటర్ల గాలుల లోయ దారిని ఉదయం 11 గంటలకే మధ్యలో మూసేస్తారు. తెల్లవారుజామునే బయల్దేరలేకపోతే ముటిజులు మేలు. నీళ్లు గంటకు లీటరు చొప్పున పట్టుకెళ్లండి. ఫొటో వద్దన్న బోర్డు కనిపిస్తే, ఆ హద్దు దాటేదాకా కెమెరా సంచిలోనే ఉంచండి.