విజార్డ్‌కి మేజ్ ఆర్మరా, బ్రెస్ట్‌ప్లేటా? చాలాకాలం వాడాక తేలింది

పాచికలతో పాత్రలుగా ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఐదో ఎడిషన్‌లో, 2014 నియమాలతో, విజార్డ్‌ని (మంత్రగాడి పాత్ర) కాపాడే దారులన్నీ చాలా సెషన్ల పాటు వాడి చూశాక నా తీర్పు ఒకటే: ముందు డాలు సంగతి చూడండి, ఒంటిమీద ఏం వేయాలన్నది ఆ తర్వాత. పది గోల్డ్ పీసుల డాలు ఇచ్చే రెండు పాయింట్ల ఏసీ (ఆర్మర్ క్లాస్, అంటే దెబ్బ తగలాలంటే శత్రువు పాచికతో అందుకోవాల్సిన అంకె) అంత చవగ్గా ఇంకెక్కడా దొరకదు.

లెక్క చూద్దాం. డెక్స్ (చురుకుదనం) 16 ఉన్న విజార్డ్ మేజ్ ఆర్మర్ (కవచం బదులు ఒంటిని కాపాడే స్పెల్, అంటే మంత్రం) వేస్తే ఏసీ 16. ఇరవై ముఖాల పాచికకి కలిపే అటాక్ బోనస్ 5 ఉన్న శత్రువు దెబ్బ సగం సార్లు తగులుతుంది. డెక్స్ 14తో బ్రెస్ట్‌ప్లేట్ (ఛాతీకి లోహ కవచం) వేసి డాలు పట్టుకుంటే ఏసీ 18, అప్పుడు 40 శాతమే. షీల్డ్ స్పెల్ (డాలు కాదు, కాసేపు ఏసీ పెంచే మంత్రం) కూడా కలిస్తే మొదటివాడికి 25 శాతం, రెండోవాడికి 15. డాలు మేజ్ ఆర్మర్ మీద కూడా పనిచేస్తుంది కాబట్టి డెక్స్ 16 ఉంటే అలా కూడా 18 వస్తుంది. అయితే డాలు వాడే ప్రొఫిషియన్సీ (పాత్రకి ఉండే శిక్షణ) ఉండాలి. అది లేకుండా పట్టుకుంటే ఒక్క స్పెల్ కూడా వేయలేరు. ఇదే ఆట పాత 3.5 ఎడిషన్ ఆడినవాళ్లు ఇక్కడే పొరబడతారు. అప్పట్లో లెదర్‌కి 10 శాతం, చెయిన్ షర్ట్‌కి 20 శాతం అంటూ స్పెల్ విఫలమయ్యే అవకాశం ఉండేది. ఇప్పుడు శాతాలు లేవు: ప్రొఫిషియన్సీ ఉంటే ప్లేట్‌లో కూడా నిక్షేపంగా స్పెల్ వేయొచ్చు, లేకపోతే అసలు కుదరదు.

ప్రొఫిషియన్సీకి నాకు నచ్చిన దారి, మొదటి లెవెల్ ఆర్టిఫిషర్‌గా (మాయా వస్తువులు తయారుచేసే పాత్ర) మొదలుపెట్టి రెండో లెవెల్ నుంచి విజార్డ్‌లోకి వెళ్లడం. మీడియం ఆర్మర్ (బ్రెస్ట్‌ప్లేట్ లాంటివి), డాలు, కాన్‌స్టిట్యూషన్ సేవ్ (ఒంటి దృఢత్వంతో ఆపదని తట్టుకునే పాచిక) మూడింటి ప్రొఫిషియన్సీ వస్తుంది. స్పెల్ స్లాట్ల (ఎన్ని స్పెల్స్ వేయొచ్చో చెప్పే వాటా) లెక్కలో ఆర్టిఫిషర్ లెవెల్‌ని సగం చేసి పైకి సవరిస్తారు గనక ఒక్క స్లాట్ కూడా పోదు. ఐదో లెవెల్‌లో కాన్ (కాన్‌స్టిట్యూషన్) 14 ఉంటే, డీసీ (అందుకోవాల్సిన అంకె) 10 కాన్సన్‌ట్రేషన్ సేవ్, అంటే దెబ్బ తగిలినా నడుస్తున్న స్పెల్‌ని నిలబెట్టుకునే పాచిక, తప్పే అవకాశం 35 శాతం నుంచి 20కి దిగుతుంది. ఏసీ కన్నా నాకు ఇదే ఎక్కువ విలువైనదిగా అనిపించింది. వరస తారుమారు చేసి విజార్డ్‌గా మొదలుపెడితే మాత్రం ఈ సేవ్ రాదు. నష్టం కూడా ఉంది: ఫైర్‌బాల్ (నిప్పుతో పేల్చే స్పెల్) ఐదుకి బదులు ఆరో లెవెల్‌లో చేతికొస్తుంది. ఆ ఒక్క లెవెల్ నిజంగానే బాధపెడుతుంది.

ఎక్కువమంది తప్పు చేసేది చేతుల దగ్గర. ఒక చేతిలో డాలు, రెండో చేతిలో స్టాఫ్ (ఫోకస్‌గా, అంటే మెటీరియల్ బదులు వాడే కర్ర) ఉంటే షీల్డ్ స్పెల్ పడదు. దానికి మాటా, చేతి సైగా కావాలి, మెటీరియల్ (స్పెల్‌కి వాడే పదార్థం) అక్కర్లేదు. ఫోకస్ పట్టుకున్న చేత్తో సైగ చేయొచ్చన్న వెసులుబాటు మెటీరియల్ ఉన్న స్పెల్స్‌కే. దీనికోసం వార్ కాస్టర్ ఫీట్ (చేతులు నిండి ఉన్నా సైగ చేయనిచ్చే ప్రత్యేక నేర్పు) ఖర్చు చేయనక్కర్లేదు. స్టాఫ్ మానేసి 25 గోల్డ్ పీసుల కాంపోనెంట్ పౌచ్ (మెటీరియల్ ఉంచే సంచి) నడుముకి కట్టుకుని ఆ చెయ్యి ఖాళీగా ఉంచితే చాలు, పౌచ్‌లోంచి తీసే చెయ్యే సైగ కూడా చేస్తుంది. క్లెరిక్ (పూజారి పాత్ర) డాలు మీద పవిత్ర చిహ్నం వేయించుకుంటే అది క్లెరిక్ స్పెల్స్‌కే ఫోకస్, విజార్డ్ స్పెల్స్‌కి పనికిరాదు.

ఇక కవచం ఏది కొనాలి? మొదట్లో చేతికొచ్చే స్కేల్ మెయిల్ కూడా బ్రెస్ట్‌ప్లేట్ అంత ఏసీనే ఇస్తుంది. కానీ బరువు 45 పౌండ్లు, పైగా స్టెల్త్‌కి (చాటుగా కదలడానికి) డిసడ్వాంటేజ్, అంటే రెండు పాచికలు వేసి చిన్నది తీసుకోవాలి. 400 గోల్డ్ పీసులు కూడగానే 20 పౌండ్ల బ్రెస్ట్‌ప్లేట్‌కి మారండి. హాఫ్ ప్లేట్ 750, ఒక్క ఏసీ ఎక్కువ, స్టెల్త్ మళ్లీ పాడు. నేనైతే కొనను.

కవచం విప్పి పడుకున్నప్పుడు వచ్చే రాత్రి దాడుల్లో మాత్రం మేజ్ ఆర్మర్‌దే పైచేయి. మీడియం ఆర్మర్ తొడగడానికి 5 నిమిషాలు, అంటే పోరులో 50 రౌండ్లు పడుతుంది. మేజ్ ఆర్మర్‌కి ఒక్క యాక్షన్ (ఒక రౌండ్‌లో చేసే పని) చాలు, 8 గంటలు ఉంటుంది. అందుకే బ్రెస్ట్‌ప్లేట్ వేసుకున్నా ఆ స్పెల్‌ని స్పెల్‌బుక్‌లో రాసి ఉంచుకోండి. క్యాంప్ వేసే రోజు ప్రిపేర్ చేసుకుని, రాత్రికి ఒక మొదటి లెవెల్ స్లాట్ మిగిల్చి పడుకోండి.