14 నెలలు ఆగి కొన్న డమాస్కస్ కత్తి

టెక్సస్‌లో ఉండే ఒక కమ్మరికి ఆర్డర్ ఇస్తే, చెప్పిన గడువు దాటి 5 నెలలకు ఇచ్చాడు, మధ్యలో మెసేజ్ పెడితే జవాబు లేదు, ఆ విషయంలో నాకు నిజంగా కోపం వచ్చింది. కానీ పెట్టె తెరిచాక అలా చూస్తూ ఉండిపోయాను.

ఇప్పటి డమాస్కస్ కత్తికి 1095, 15ఎన్20 అనే రెండు రకాల ఉక్కు పొరలను కొలిమిలో అతికించి, సాగదీసి, మళ్లీ మళ్లీ మడతపెట్టి, చివర్లో ఫెర్రిక్ క్లోరైడ్ అనే రసాయనంలో ముంచుతారు. మొదటిది నల్లబడుతుంది, నికెల్ ఉన్న రెండోది తళతళలాడుతూ ఉంటుంది. నా కత్తి మీద ఆ గీతలు పిడి దగ్గర చెరువు అలల్లా మొదలై, మొన దగ్గరికొచ్చేసరికి వెంట్రుకంత సన్నబడ్డాయి. వాల్‌నట్ పిడి ఉక్కుతో కలిసే చోట గోరు పెట్టి గీసినా సందు తగలదు. 900 డాలర్లు ఎక్కువే, అయినా గోడకు తగిలించే బొమ్మకు ఇచ్చినట్టే ఇచ్చాను.

దీన్నే పాతకాలపు డమాస్కస్ అని ఎవరైనా అమ్మితే నమ్మకండి. ఆ పాత డమాస్కస్ వేరు, అది మన నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి, పర్షియా వ్యాపారులు కొనుక్కెళ్లిన ఉక్కు లాంటిది, దాని గీతలు లోహంలోంచే పుడతాయి. ఇప్పటి పొరల పద్ధతికి 1973లో అమెరికాలో మళ్లీ పేరు తెచ్చింది బిల్ మోరన్ అనే కత్తుల తయారీదారు.

కొన్నాక తోలు ఒరలో మాత్రం దాచకండి, తుప్పు పడుతుంది. నూనె గుడ్డతో తుడిచి విడిగా పెట్టండి.