బెజవాడ నుంచి ఢిల్లీ రైల్లో వెళ్తుంటే భోపాల్‌లో దిగండి

ఢిల్లీ అనగానే మనవాళ్లు ఇప్పుడు గన్నవరం విమానాశ్రయం వైపే చూస్తున్నారు. టైం లేనివాళ్లకి అది సరే. అమ్మానాన్నల్ని తీసుకుని హడావుడి లేకుండా వెళ్లాలనుకునేవాళ్లకి మాత్రం నేను రైలే చెప్తాను, అది కూడా ఒకే రైల్లో చివరిదాకా కాదు, భోపాల్‌లో దిగి రెండు రాత్రులు ఉండి, అక్కడ్నించి ఇంకో రైలు ఎక్కాలి.

ఎందుకంటే బెజవాడ నుంచి ఢిల్లీ దాదాపు 1,750 కిలోమీటర్లు. దారిలో కిటికీ పక్కన కూర్చుని చూడాల్సినవి నా లెక్కలో మూడు: మంచిర్యాల దగ్గర గోదావరి, నాగపూర్ దాటాక సాత్పురా కొండలు, ధోల్‌పూర్ ముందు చంబల్ నది లోయలు. ఒకే రైల్లో పోతే వీటిలో ఏదో ఒకటి చీకట్లో కలిసిపోతుంది. తమిళనాడు ఎక్స్‌ప్రెస్ తెల్లవారుజామున ఎక్కితే గోదావరి, సాత్పురా పగలే వస్తాయి గానీ చంబల్ మనం నిద్రలో ఉండగా దాటిపోతుంది. కేరళ ఎక్స్‌ప్రెస్‌లో అటుది ఇటు, చంబల్ కనిపిస్తుంది, సాత్పురా పోతుంది. భోపాల్‌లో ఆగితే రెండూ దక్కుతాయి.

మేం తమిళనాడు ఎక్స్‌ప్రెస్ పట్టుకున్నాం. గుంటూరు వాళ్లకి ఒక మాట, మెయిన్ లైన్ తెనాలి మీదుగా పోతుంది కాబట్టి మీరు ఆ వేళకి బెజవాడ చేరుకోవాలి. పెద్దవాళ్లుంటే అర్ధరాత్రి ప్రయాణం పెట్టుకోకండి, ముందురోజు సాయంత్రమే వచ్చి స్టేషన్ రిటైరింగ్ రూమ్ తీసుకోండి. పీఎన్ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీలోనే బుక్ అవుతుంది. అనౌన్స్‌మెంట్ల మోత ఉంటుంది, నిద్ర బాగా పట్టదు, కానీ నాలుగింటికి ఆటో కోసం వెతుక్కునే టెన్షన్ ఉండదు.

బెర్త్‌ల విషయం చాలామందికి తెలియదు, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. సీనియర్ సిటిజన్ రాయితీ 2020 మార్చిలో ఆపేశారు గానీ లోయర్ బెర్త్ కోటా ఉంది, మగవాళ్లకి 60, ఆడవాళ్లకి 45 దాటితే. అయితే ఆ కోటా ఒక టికెట్ మీద ఒకరు లేదా ఇద్దరు, అదీ అందరూ ఆ వయసు వాళ్లయితేనే వర్తిస్తుంది. మీ పేరు కూడా అదే టికెట్‌లో కలిపితే కోటా పోయి అమ్మకి మిడిల్ బెర్త్ పడొచ్చు. అందుకే వాళ్లిద్దరికీ ఒక టికెట్, నాకు వేరే టికెట్ తీశాను. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, 2024 అక్టోబర్ దాకా ఉన్న 120 రోజుల సౌలభ్యం లేదు, కాబట్టి తెరిచిన రోజు పొద్దున్నే కూర్చోవాలి.

థర్డ్ ఏసీ సరిపోతుంది. సెకండ్ ఏసీలో కర్టెన్, మిడిల్ బెర్త్ లేకపోవడం బాగుంటుంది గానీ ఒక్క రాత్రి కూడా పూర్తిగా పడుకోని ప్రయాణానికి అంత ఎక్కువ పెట్టడం నాకు నచ్చలేదు. చలికాలమైతే స్లీపర్ ఇంకా మేలు, కిటికీ తెరుచుకుంటుంది, గాలి తగులుతుంది, గోదావరి వంతెన మీద చిల్లర వేసే పెద్దమ్మలు ఇంకా ఉన్నారు. ఏసీ కిటికీ అద్దం మీద దుమ్ముంటే ఎంత అందమైన కొండయినా మసగ్గానే ఉంటుంది. ఎండాకాలంలో మాత్రం స్లీపర్ వద్దు, చంద్రపూర్ వైపు ఎండ మన బెజవాడ ఎండని మించిపోతుంది.

తిండి ఇంటినుంచే. పులిహోర మధ్యాహ్నం దాకా ఆగుతుంది, దద్దోజనం పొద్దున్నే తినేయాలి. నాగపూర్‌లో సీటు దగ్గరికే తెచ్చే ఆర్డర్ ఒకటి ఫోన్లో పెట్టాం, వచ్చింది గానీ చల్లారిపోయింది, రోటీలు అట్టముక్కల్లా ఉన్నాయి, నాన్న రెండు ముక్కలు తిని పక్కన పెట్టేశారు. చలికాలంలో ఆ స్టేషన్‌లో కమలాపళ్లు కొనుక్కోండి, అవి ఎప్పుడూ నిరాశపరచవు.

బేతుల్ దాటాక ఘాట్ మొదలవుతుంది. సొరంగాలు, టేకు అడవి, మలుపు తిరిగినప్పుడు మన రైలు ఇంజన్ మనకే కనిపించడం, ఆ కాసేపు బోగీలో ఫోన్లు చూసేవాళ్లు కూడా తలెత్తారు. ఇటార్సీ తర్వాత నర్మద, అప్పటికి వెలుగు తగ్గిపోతుంది.

భోపాల్‌లో స్టేషన్ దగ్గర హమీదియా రోడ్డులో ఉంటే చవక, పాత ఊరి తిండి దగ్గర, కానీ ట్రాఫిక్ రొద భరించాలి. మేం దిగిన లాడ్జిలో ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్లన్నారు, పొద్దున ఆరింటికి అడిగితే బకెట్ కాచి ఇచ్చారు. రెండో రాత్రికి ఎంపీ నగర్ మారాం. కాస్త ఖరీదు, కానీ ప్రశాంతంగా ఉంది, పైగా మరుసటి రోజు రైలు ఎక్కాల్సిన రాణీ కమలాపతి స్టేషన్ అక్కడికి దగ్గర. పాత హబీబ్‌గంజ్ అదే, 2021లో పేరు మార్చారు. నేను మళ్లీ వెళ్తే రెండు రాత్రులూ ఎంపీ నగర్‌లోనే ఉంటాను.

మధ్యలో ఉన్న రోజు పూర్తిగా బౌద్ధ స్తూపం ఉన్న సాంచీకి ఇచ్చేయండి. టాక్సీలో గంటకి కాస్త పైన, దారిలో రోడ్డు మీదే కర్కట రేఖ గుర్తు వస్తుంది. మన అమరావతి చూసినవాళ్లకి సాంచీ మనసుని కట్టిపడేస్తుంది. మన దగ్గర స్తూపం పునాది మిగిలింది, శిల్పాలు చెన్నైలో, లండన్‌లో ఉన్నాయి; ఇక్కడ స్తూపం, నాలుగు తోరణాలు ఎక్కడివక్కడే నిలబడి ఉన్నాయి. దక్షిణ తోరణం మీద శాతకర్ణి రాజు దగ్గర పనిచేసే శిల్పుల పెద్ద ఆనందుడు ఇచ్చిన దానం అని శాసనం ఉంది. మన శాతవాహనుల పేరు అంత దూరంలో రాతి మీద చూపిస్తే నాన్న చాలాసేపు అక్కడే నిలబడ్డారు. ఎండ ఎక్కువ, నీడ తక్కువ, టోపీ, నీళ్లు తప్పనిసరి.

మూడోరోజు తెల్లవారుజామున ఢిల్లీలోని నిజాముద్దీన్ స్టేషన్‌కి వెళ్లే వందేభారత్. 2023 ఏప్రిల్ 1న మొదలైన రైలు ఇది, ఏడున్నర గంటల్లో దింపేస్తుంది. మొరేనా దాటాక చంబల్ మీద వెళ్లేటప్పుడు పట్టపగలు, ఆ మట్టి లోయలు కిటికీకి రెండువైపులా కనిపించాయి. చెయిర్ కార్ సీటు పెద్దవాళ్లకి కొంచెం కష్టం, వెనక్కి తక్కువే వాలుతుంది, అమ్మ ఝాన్సీ నుంచే నడుం నొప్పి అంది. టిఫిన్ పర్వాలేదు.

ఖర్చు మాటకొస్తే, రైల్వేలో దూరం పెరిగే కొద్దీ కిలోమీటరుకి చార్జీ తగ్గుతుంది కాబట్టి రెండు టికెట్లుగా విడగొడితే కొంత ఎక్కువే అవుతుంది, వందేభారత్‌తో ఇంకా ఎక్కువ. నాకు ఆ తేడా దండగ అనిపించలేదు. డిసెంబర్ చివర, జనవరిలో మాత్రం ఈ ప్లాన్ వద్దు, ఉత్తరాదిన పొగమంచుకి రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి, చంబల్ పగలు దాటినా తెల్లటి పొగ తప్ప ఏమీ కనబడదు. ఫిబ్రవరి రెండో సగం లేదా అక్టోబర్ చివర చూసుకోండి.