గుంటూరు నుంచి ఢిల్లీ స్కూల్ టూర్: తిండికి పది మార్కులు, చదువుకి నాలుగు

మా వాడి స్కూల్లో తొమ్మిదో క్లాస్ పిల్లల్ని ఫిబ్రవరిలో ఢిల్లీ, ఆగ్రా టూర్‌కి తీసుకెళ్ళారు, ఆడపిల్లలు కూడా ఉన్నారు కదా ఎవరన్నా తల్లులు తోడు రండి అని అడిగితే నేనూ బయల్దేరా. టూర్ నడిపింది మన గుంటూరు ట్రావెల్స్ వాళ్ళే. పేరు రాయట్లేదు, గొడవలు నాకెందుకు, పైగా గుంటూరులో అయినా బెజవాడలో అయినా ఈ స్కూల్ ప్యాకేజీల బ్రోచర్లన్నీ అచ్చు ఒకేలా ఉంటాయి కాబట్టి మీరు ఎవర్ని మాట్లాడుకున్నా ఇందులో సగం సంగతులు పనికొస్తాయి.

ముందే చెప్పేస్తున్నా. పిల్లల్ని ఎక్కించి, దించి, వేళకి తిండి పెట్టి, లెక్క తప్పకుండా ఇంటికి తెచ్చే పని వీళ్ళకి బాగా వచ్చు. అక్కడ ఏం చూపించాలి, ఎందుకు చూపించాలి అన్నది మాత్రం అస్సలు పట్టదు, ఆ పని మొత్తం మా సోషల్ సార్ ఒక్కరే మోశారు.

తిండి సంగతి మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. ఇద్దరు వంట మాస్టర్లు బియ్యం పప్పు కారం పచ్చళ్ళతో సహా మాతోనే రైలెక్కారు, కరోల్ బాగ్‌లో లాడ్జి మేడ మీద పొయ్యి పెట్టుకుని పొద్దున్నే ఇడ్లీ, ఉప్మా, మధ్యాహ్నం పప్పు, గోంగూర పచ్చడి, చారు, పెరుగు, ఆ చలిలో వేడివేడి చారు గ్లాసులో పోసిస్తే పిల్లలు లైన్ కట్టి మరీ తాగారు. మూడో రోజుకే రోటీలు, పనీర్ చూసి మొహం తిప్పేసే మన పిల్లలకి ఇది ఎంత పెద్ద విషయమో తల్లులకే తెలుస్తుంది. ఒక పూట అశోకా రోడ్‌లో ఏపీ భవన్ క్యాంటీన్‌కి కూడా తీసుకెళ్ళారు, ఇండియా గేట్‌కి దగ్గరే, అక్కడ తెలుగు భోజనం కోసం హిందీ వాళ్ళు కూడా క్యూలో నిలబడి ఉండటం చూసి మా పిల్లలకి భలే గర్వం వచ్చింది.

పిల్లల్ని చూసుకోవడం కూడా బాగుంది. అందరికీ పసుప్పచ్చ టోపీలు, మెళ్ళో ఫోన్ నంబర్ ఉన్న కార్డు, బస్సు దిగినా ఎక్కినా మేనేజర్ అబ్బాయి విజిల్ వేసి లెక్కపెట్టేవాడు, చాందినీ చౌక్ జనంలో ఒక్కళ్ళు కూడా తప్పిపోలేదంటే అతని పుణ్యమే. కాకపోతే ట్రావెల్స్ వాళ్ళ తరఫున ఒక్క ఆడమనిషి కూడా లేదు. ఆ వయసు ఆడపిల్లలకి దారిలో ఏ అవసరం వస్తుందో తెలియదు, వెళ్ళి మేనేజర్ అన్నకి చెప్పుకోలేరు కదా, అన్నీ మా తల్లులు, ఒక టీచర్ మేడమే సర్దుకున్నాం. డబ్బు తీసుకుంటున్నది వాళ్ళు, ఆ ఏర్పాటు కూడా వాళ్ళే చెయ్యాలి. రూముల్లో నలుగురేసి, కింద ఒక పరుపు, అది పర్లేదు గానీ కొన్ని గదుల్లో గీజర్ పనిచెయ్యలేదు, ఫిబ్రవరిలో ఢిల్లీ పొద్దుటి చన్నీళ్ళంటే మన గుంటూరు పిల్లల వల్ల అయ్యే పనేనా.

ఇక చదువు సంగతి. మొదట ఇచ్చిన ప్లాన్‌లో సోమవారం రోజు ఎర్రకోట, నేషనల్ మ్యూజియం, రైల్ మ్యూజియం అని వేశారు. ఈ మూడూ సోమవారం సెలవు! లోటస్ టెంపుల్, అక్షర్‌ధామ్ కూడా అంతే. ఏళ్ళ తరబడి ఢిల్లీకి టూర్లు వేస్తున్నామని చెప్పుకునేవాళ్ళకి ఈ మాత్రం తెలియదా లేక బస్సులోంచి గేటు చూపించి పోనిద్దాం అనుకున్నారా నాకర్థం కాలేదు. మా సార్ బయల్దేరకముందే పట్టుకుని ఆ రోజుకి కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి మార్చారు, అవి సోమవారం కూడా తెరిచే ఉంటాయి. తాజ్‌మహల్‌కి సెలవు శుక్రవారం, అది మాత్రం సరిగ్గానే వేశారు.

బ్రోచర్‌లో పార్లమెంట్ విజిట్ అని పెద్ద అక్షరాలతో ఉంది. తీరా చూస్తే విజయ్ చౌక్ దగ్గర బస్సు స్లో చేసి అదిగో పార్లమెంట్ అన్నారు, అయిపోయింది. లోపలికి వెళ్ళాలంటే పిల్లల పేర్లు, గుర్తింపు వివరాలు ముందుగా పంపించి అనుమతి తీసుకోవాలి, ఎంపీ ఆఫీసు ద్వారా ప్రయత్నించాలి, ఊళ్ళో ఉన్నప్పుడే చేసుకోవాల్సిన పని అది, డబ్బు కట్టించుకున్న రోజే మొదలుపెట్టి ఉంటే సరిపోయేది. కొత్త పార్లమెంట్ భవనం లోక్‌సభ హాల్లో 888 సీట్లు, రాజ్యసభ హాల్లో 384 అని జీకే పుస్తకంలో బట్టీ పట్టిన పిల్ల ఒకతి కిటికీకి మొహం ఆనించి బయటి గోడ చూసుకుంటూ వెళ్ళింది పాపం.

గైడ్‌ని పెట్టారు, హిందీ తప్ప ఇంకో ముక్క రాదు, మన పిల్లల హిందీ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఎర్రకోట దగ్గర ఆయన 1947 ఆగస్టు 15న నెహ్రూ గారు ఇక్కడే జెండా ఎగరేశారు అన్నాడు, మా సార్ పక్కకి పిలిచి పిల్లలకి చెప్పారు, ఎర్రకోట మీద ఎగరేసింది ఆ మర్నాడు 16న అని. ఆ తర్వాత అక్కడే నిలబెట్టి పింగళి వెంకయ్య గారి గురించి మొదలుపెట్టారు, బందరు దగ్గర భట్లపెనుమర్రులో పుట్టినాయన, 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు గాంధీ గారికి జెండా నమూనా ఇచ్చారు, గాంధీ గారు తెల్ల రంగు కూడా కలపమన్నారు, రాట్నం ఉండేది, 1947 జులై 22న రాట్నం బదులు అశోక చక్రంతో ఇప్పుడున్న జెండాని ఖాయం చేశారు అని. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. గైడ్ కూడా విన్నాడు, తెలుగు రాకపోయినా, మధ్యలో వెంకయ్య అన్న పేరు రెండుసార్లు అడిగి రాసుకున్నాడు, ఆ విషయంలో మాత్రం మంచోడే.

ఇండియా గేట్ కూడా అంతే. గైడ్ 42 మీటర్లు, 1931లో ప్రారంభం, మొదటి ప్రపంచ యుద్ధం సైనికుల పేర్లు, చలో బస్సు అన్నాడు. వెనకాల గొడుగు లాంటి మండపంలో ఉన్న నేతాజీ నల్ల విగ్రహం, 28 అడుగులది, 2022లో పెట్టారు, దాని రాయి ఖమ్మం నుంచి వెళ్ళిందని మా సార్ చెప్పేదాకా ఎవరికీ తెలియదు. 280 టన్నుల ఒకే గ్రానైట్ రాయిని 140 చక్రాల బండి మీద 1665 కిలోమీటర్లు రోడ్డు మీద తెచ్చారట, చెక్కాక మిగిలింది 65 టన్నులు. మేము వచ్చిన రైలు కూడా ఖమ్మం మీదుగానే కదా, మా వాడు అయితే ఆ బండి ఏ రోడ్డులో వచ్చుంటుంది, వంతెనలు ఎలా దాటించారు అని రాత్రి పడుకునేదాకా వదల్లేదు. పక్కనే నేషనల్ వార్ మెమోరియల్, 2019లో కట్టింది, దానికి ప్లాన్‌లో చోటే లేదు, బతిమాలి ఒక గంట ఆపించుకున్నాం.

నేషనల్ మ్యూజియంకి వాళ్ళిచ్చింది ముప్పావు గంట. మొహెంజొదారో డాన్సింగ్ గర్ల్‌ని వెతుక్కోడానికే సగం పోయింది, అరచెయ్యంత బొమ్మ, పుస్తకంలో చూసి నిలువెత్తు ఉంటుందనుకున్నారు అందరూ. నాగార్జునకొండ శిల్పాలు చూసినప్పుడు మాచర్ల వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఇవి మావే మేడమ్ అని అరిచాడు, సెక్యూరిటీ అతను ష్ అన్నాడు. సాగర్ డ్యామ్ నీళ్ళలో మునిగిపోతుందని ముందే తవ్వి తీసిన చోటు అది, ఇక్ష్వాకుల కాలంనాటి రాళ్ళు, మన పక్క జిల్లా చరిత్ర చూడాలంటే ఢిల్లీ జనపథ్ దాకా వెళ్ళాల్సొచ్చింది. అక్కడ ఉండనియ్యకుండా విజిల్ వేసిన మనిషే ఆగ్రాలో పాలరాయి బొమ్మలు, పేఠా అమ్మే షాపులో గంటన్నర కూర్చోబెట్టాడు, కమిషన్ లేకుండా ఎందుకు ఆపుతాడండీ. తాజ్ దగ్గర గడిపింది దానికంటే తక్కువే.

మెట్రో వీళ్ళ ప్యాకేజీలో లేదు, అంతా బస్సే. సార్ గొడవపడి ఒక పొద్దున కరోల్ బాగ్‌లో ఎక్కించి రాజీవ్ చౌక్‌లో లైన్ మార్పించి సెంట్రల్ సెక్రటేరియట్‌లో దించారు. టూర్ మొత్తంలో ఏది బాగుంది అంటే సగం మంది పిల్లలు ఇదే చెప్తున్నారు! ఆ మెట్రోని కట్టించిన శ్రీధరన్ గారు ఇంజనీరింగ్ చదివింది మన కాకినాడలో అని చెప్తే మొదట నమ్మలేదు.

డబ్బుల సంగతి జాగ్రత్తగా చూసుకోండి. స్లీపర్‌లో పిల్లాడికి 12 వేల చిల్లర తీసుకున్నారు, అందులో రైలు టికెట్ ఫుల్ ఛార్జీ వేశారు. ఎడ్యుకేషనల్ టూర్‌కి వెళ్ళే స్టూడెంట్స్‌కి స్లీపర్ క్లాసులో 50 శాతం, ఎస్సీ ఎస్టీ పిల్లలకి 75 శాతం రైల్వే రాయితీ ఉంటుంది, ఏసీకి వర్తించదు, స్కూల్ హెడ్ సంతకంతో కౌంటర్లో తీసుకోవాలి. మా హెడ్ మాస్టర్ గారు అడిగాక గానీ తగ్గించలేదు. ఇంకోటి, ఎర్రకోట, కుతుబ్, తాజ్ లాంటి ఆర్కియాలజీ వాళ్ళ కట్టడాల్లో 15 ఏళ్ళ లోపు పిల్లలకి టికెట్ లేదు, వీళ్ళు మాత్రం ఎంట్రీ టికెట్లు అని ఒక లైన్ రాసి వసూలు చేశారు. అడిగితే మేనేజర్ అబ్బాయి, గైడ్ ఖర్చులో కలిపేశాం మేడమ్ అన్నాడు. ఆ గైడ్ ఎలా చెప్పాడో పైన రాశాను కదా.

బెజవాడ నుంచి ఢిల్లీకి ఏపీ ఎక్స్‌ప్రెస్, జీటీ, తమిళనాడు, కేరళ, రైళ్ళకి కొదవ లేదు, కాబట్టి బెర్తులన్నీ ఒకే బోగీలో రావాలంటే రిజర్వేషన్ మొదలైన రోజే చేయించమనండి, మావి రెండు బోగీల్లో పడితే రాత్రంతా టీచర్లు అటూ ఇటూ తిరగడంతోనే సరిపోయింది.

వచ్చే ఏడాది కూడా వీళ్ళతోనే వెళ్దామని స్కూల్ వాళ్ళు అంటున్నారు, తిండి మొహం చూసి నేనూ సరే అన్నా. ప్లాన్ ఈసారి సార్ రాసిస్తారు, షాపుల దగ్గర ఆపడం లేదు, పార్లమెంట్ పర్మిషన్ కాయితం చేతికొచ్చాకే ఆ డబ్బు కడతాం, ట్రావెల్స్ తరఫున ఒక ఆడమనిషి రావాలి అని కాయితం మీద రాయించుకోమని పేరెంట్స్ మీటింగ్‌లో చెప్పాం, అప్పుడే అడ్వాన్స్.